ఊక చల్లారకముందే

మా వైపు అల్యూమినియాన్ని సత్తు అంటారు. సత్తు గిన్నె, సత్తు బిందె, సత్తు తపేలా. ఇంట్లో పెద్దగా విలువ లేని వస్తువన్నమాట. పెళ్ళికి సత్తు గిన్నె చదివిస్తే ఆ చుట్టరికం అంతటితో సరి. అందుకే నా షాపుకొచ్చే ప్రతి మనిషీ, ఉప్పునీళ్ళు తిని తెల్లపిండి రాలుతున్న ఇంజను భాగాన్ని బల్ల మీద పెట్టి ముందుగా అనే మాట ఒకటే. "సత్తే కదండీ, ఎంతసేపండీ!" ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. గుండె కోసే డాక్టరు దగ్గరికెళ్ళి "మాంసమే కదండీ" అని ఎవరూ అనరు. నా దగ్గరికి వచ్చేసరికి అందరికీ నోళ్ళు లేస్తాయి.

నాది నరసాపురంలో, రేవుకి వెళ్ళే దారిలో వెల్డింగ్ షాపు. ఇనుము అతికేవాళ్ళు వీధికొకరున్నారు. పోత అల్యూమినియం అతికేది ఊళ్ళో నేనొక్కణ్ణే, కనీసం నా లెక్కలో. ఇనుము మంచిది. వేడెక్కితే ఎర్రబడి చెబుతుంది. ఇది చెప్పదు. రంగు మారకుండా నిలబడి నిలబడి, ఉన్నట్టుండి కరిగి కింద పడుతుంది. ఇక ఉప్పు దీన్ని తినే తీరు వేరు. పైన సూదిమొనంత చుక్క కనిపిస్తుంది, గీకితే లోపల చిటికెనవేలు దూరేంత గుంట. ఆ పిండంతా గీకి, మెరిసే లోహం కనబడేదాకా అరగదీసి, పొయ్యి మీద నెమ్మదిగా కాచి, లోపల పీల్చుకున్న నూనే చెమ్మా పోగొట్టాక గానీ అతకకూడదు. వేడి సరిపోయిందో లేదో తెలియడానికి దాని మీద బట్టల సబ్బుతో ఒక గీత గీస్తాను. గీత నల్లబడితే చాలు. అతికిన తర్వాత ఊకలో పూడ్చాలి. మిల్లు నుంచి తెచ్చిన వడ్ల ఊక, కాస్త వేడి చేసింది. అందులో తెల్లవారేదాకా అది తనంతట తాను చల్లారాలి. తొందరపడి తీస్తే పగులుతుంది. అతుకు మీద పగలదు, అతుకు పక్కన పగులుతుంది.

ఇదంతా చెబితే ఎవరికీ నచ్చదు. మనవాళ్ళకి కావలసింది మెరుపు. మొగల్తూరు వైపు నుంచి రొయ్యల చెరువు రైతు ఒకాయన, గుంటలు పడిన ఇంజను మూత తెల్లని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. విప్పితే అద్దంలా ఉంది. వాళ్ళావిడ చింతపండూ ఉప్పూ వేసి, పూజ సామాను తోమినట్టు రెండు పూటలు తోమిందట. "బయటికి మురిగ్గా పంపితే ఏం బావుంటుందండీ" అన్నాడాయన. సముద్రం అయిదేళ్ళలో తినలేనిది ఆవిడ చింతపండు రెండు పూటల్లో తినేసింది. "అమ్మగారిని ఇంకో పూట తోమమనకపోయారా అండి, ఇంత బరువు మోసుకొచ్చే పని తప్పేది" అన్నాను. ఆయన నవ్వాడు. బెంచీ మీదున్న వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. నా షాపులో గ్యాస్ లేని రోజులుంటాయి గానీ, బెంచీ మీద నవ్వడానికి నలుగురు లేని రోజు ఉండదు.

గోదావరి జిల్లాల వాళ్ళకి ఎటకారం ఎక్కువని లోకమంతా అంటుంది. అంటే అననీ. మా అసలు జబ్బు అది కాదు, మొహమాటం. ఎదుటి మనిషిని అండీ అండీ అంటూనే వంద మాటలంటాం, 'కుదరదండి' అన్న ఒక్క మాట మాత్రం గొంతు దాటి రాదు. పని అవదని తెలిసినా "చూద్దామండి" అంటాం. గ్యాస్ సిలిండరు రాజమండ్రిలో ఉన్నా, కూలివాడు అత్తారింట్లో ఉన్నా "అయిపోద్దండి" అంటాం. ఈ విషయంలో నేను జిల్లాకే పెద్దనని చెప్పుకోవచ్చు.

రెండు నెలల వేట నిషేధం ఇంక పన్నెండు రోజుల్లో తీరుతుందనగా, సముద్రం వైపు పల్లె నుంచి అక్కాతమ్ముళ్ళిద్దరు ట్రక్కు ఆటోలో వచ్చారు. వాళ్ళు తెచ్చింది పడవ ఇంజను చుట్టూ చల్లనీళ్ళు తిరిగే పోత గది. మేం హౌసింగ్ అంటాం. దానికి అడుగున మూడు చోట్ల ఉప్పు తినేసి, ఒకచోట అవతలి వెలుతురు కనిపిస్తోంది. తమ్ముడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. అక్కకి నలభై దాటి ఉంటాయి, బొట్టు లేదు. పడవ ఆవిడ భర్తది. ఆయన జ్వరం వచ్చి పోయాక తమ్ముడు నడుపుతున్నాడు, పడిన చేపలు ఆవిడ అమ్ముతుంది. రోజూ తెల్లవారుజామున పడవకి చెయ్యేసి నీళ్ళలోకి తోసి పంపేది ఆవిడేనని తమ్ముడే చెప్పాడు. "మా అక్క చెయ్యి పడితే గానీ కదల్దండి" అన్నాడు, కాస్త గర్వంగానే.

వాళ్ళ తొందర ఏమిటో కూడా చెప్పాడు. వేట తెరిచే ఆదివారం నాడు పడవ దిగకపోతే, ఉన్న ముగ్గురు కళాసీలూ వేరే పడవ ఎక్కేస్తారు. ఒకసారి ఎక్కితే సీజనంతా దిగరు. మనుషులు లేని పడవ ఇసకలో కూర్చుంటుంది, దాంతోపాటు ఆవిడ గంపా కూర్చుంటుంది. "ఆదివారానికి అందాలండి, మేస్త్రిగారూ" అన్నాడు. "అయిపోద్దండి" అన్నాను. అప్పుడు నా దగ్గర గ్యాస్ లేదు. ఆ సంగతి చెబితే వాళ్ళు భీమవరమో కాకినాడో చూసుకునేవాళ్ళు. చెప్పలేదు.

రెండు రోజులకి ఫోన్ చేస్తే "రేపండి" అన్నాను. ఆ రేపటికి సిలిండరు వచ్చింది. కానీ ఆ రోజే ఒక పెద్దమనిషి కారు గేరుబాక్సు తొడుగు పట్టుకొచ్చాడు. ఆయనకీ కుదరదనలేదు. ఆ తర్వాత చెరువు రైతుల మోటార్లు రెండు వచ్చాయి, వాళ్ళకీ అనలేదు. అందరికీ మర్యాద చేసుకుంటూ పోగా పోగా, హౌసింగ్ పొయ్యి మీదికి ఎక్కింది వేట తెరిచే ముందు శుక్రవారం పొద్దున.

పని మాత్రం బాగా చేశాను. ఇది గొప్పకి చెప్పడం కాదు. మూడు గుంటలూ శుభ్రంగా నింపి, మధ్యాహ్నానికి ఊకలో పూడ్చాను. శనివారం పొద్దున తీసి, అంచు సాపు చేసి ఇస్తే, సాయంత్రానికి బిగించుకుని ఆదివారం వెళ్ళిపోవచ్చు. అంతా సరిగ్గా సరిపోయింది.

మూడున్నరకి అక్కాతమ్ముళ్ళు దిగారు.

"ఇప్పుడే తీసుకెళ్ళిపోవాలండి. నాలుగున్నర నుంచి వర్జ్యం. ఈలోపు గడప దాటించేయాలి" అన్నాడు తమ్ముడు. ఫోను చూపించాడు. వర్జ్యానికి అలారం పెట్టుకున్నాడు. నిద్ర లేవడానికి అలారం పెట్టుకోవడం చూశాను గానీ వర్జ్యానికి పెట్టుకోవడం అదే చూడ్డం.

"రేపు పొద్దున్న రండి, దివ్యంగా ఉంటుంది" అన్నాను.

"రేపు శనివారం కదండీ. శనివారం ఇనుము ఇంటికి తేకూడదు."

"ఇది ఇనుము కాదు కదండీ బాబూ. సత్తు. శనిగారికీ దీనికీ సంబంధం లేదు."

"ఇంజనుది కదండీ" అన్నాడు. పది రోజులు షాపులో ఊరికే పడి ఉన్నప్పుడు ఆ హౌసింగ్‌కి ఏ శనీ అడ్డం రాలేదు. నేను ఆలస్యం చేసిన తర్వాతే అన్ని గ్రహాలూ కలిసి వచ్చి నా గుమ్మం ముందు నిలబడ్డాయి.

ఇప్పుడు అనాల్సిన మాట చాలా చిన్నది. 'తీస్తే పగుల్తుందండి, ఇవ్వను.' అంతే. కానీ పది రోజులు తిప్పించుకున్న మనిషిని నేను. అతను ఆ మాట ఎత్తలేదు, గొంతు పెంచలేదు, అండీ అనడం మానలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టి పంపేసేవాణ్ణి. అంత మర్యాదగా నిలబడితే ఏం చేయను? "చూద్దామండి" అంటూ ఊకలో చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి వెంటనే వెనక్కి వచ్చేసింది.

అప్పటిదాకా గుమ్మం పక్కన నిలబడి ఉన్న ఆవిడ ముందుకొచ్చింది. "ఇంకా కాల్తున్నట్టుందండి. తీయకండి మేస్త్రిగారూ. ఊకతో సహా గంపలో ఎత్తి ఇచ్చేయండి. గడప దాటినట్టూ ఉంటది, దాని పాటికది చల్లారినట్టూ ఉంటది. రేపు మీరొకసారి మా ఊరొచ్చి ఆ రుద్దేదేదో అక్కడ రుద్దేయండి. ఆటో పంపుతామండి."

ఇప్పుడు తలుచుకుంటే, ముప్పై ఏళ్ళలో నా షాపులో అంతకంటే తెలివైన మాట ఎవరూ అనలేదు. వర్జ్యమూ తప్పేది, శనివారమూ తప్పేది, హౌసింగూ బతికేది. అంచు సాపు చేయడానికి మిషను కూడా అక్కర్లేదు. గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి రుద్దితే చాలు, ఎక్కడైనా చేయొచ్చు. ఆవిడ పది రోజుల క్రితం ఊక గురించీ అంచు గురించీ నేను వాళ్ళ తమ్ముడికి చెప్పినదంతా విని గుర్తు పెట్టుకుంది.

నేనేమన్నానంటే, "ఊకతో పాటు ఉల్లిపాయలు కూడా వేయమంటారా అమ్మా, ఇంటికెళ్ళేసరికి కూర అయిపోద్ది" అన్నాను.

బెంచీ మీద నలుగురూ పడీ పడీ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. ఆవిడ కొంగు సర్దుకుని మళ్ళీ గుమ్మం పక్కకి వెళ్ళిపోయింది. నా పనిలో నాకు సలహా చెప్పింది, అదీ చేపల గంప మోసే మనిషి, అదీ నలుగురి ముందు. అందులో ఎంత నిజముందో చూసే ఓపిక నాకు ఆ క్షణంలో లేదు. నవ్వు వచ్చిందా లేదా అనేదే చూసుకున్నాను.

నవ్వించాక ఇక తీయక తప్పలేదు. పట్టకారుతో పైకి తీసి, తడి గోనెసంచి కప్పాను. చుయ్యిమంది. ఆవిడే రోడ్డవతల కుళాయి దగ్గర్నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది, అవీ పోశాను. పదిహేను నిమిషాలకి చెయ్యి పెట్టగలిగేలా అయింది. గాజు పలక మీద రుద్ది అంచు సాపు చేశాను. చూడ్డానికి ఎక్కడా ఏమీ లేదు. ఇక మిగిలింది పరీక్ష. రంధ్రాలన్నీ మూసి, నీళ్ళు నింపి అరగంట ఉంచితే, ఎక్కడ సన్న పగులున్నా పైన చెమ్మ కడుతుంది. "అమ్మా, ఇంకో బిందెడు పట్టుకురండి" అన్నాను. ఆవిడ వెళ్ళింది.

ఈలోగా ఫోను మోగింది. వర్జ్యం అలారం. పావుగంట ముందే మోగేలా పెట్టుకున్నాడు జాగ్రత్తపరుడు. "అయిపోయిందండి టైము" అని హౌసింగ్ భుజానికెత్తుకున్నాడు. పరీక్ష చేయలేదన్నాను. "మీ చేతి పనికి పరీక్షేంటండీ!" అన్నాడు. పొగడ్త కదా, లొంగిపోయాను. "ఫర్వాలేదులెండి" అని నేనే అన్నాను. అతను గడప దాటుతుంటే, నీళ్ళ బిందెతో ఆవిడ ఎదురొచ్చింది.

అతను ఆగాడు. ఆవిడా ఆగి, తల వంచుకుని పక్కకి తప్పుకుంది. నిండు బిందె ఎదురైతే శుభమని మా అమ్మ చెప్పేది, ఇక్కడ అందరి అమ్మలూ చెప్పేవారు. అది నిండు బిందే. కానీ బిందె లెక్కలోకి రాలేదు, మోసిన మనిషే వచ్చింది. అతను లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, రెండు నిమిషాలు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు. పరీక్షకి లేని తీరిక శకునానికి దొరికింది.

ఆదివారం పడవ ముహూర్తానికే దిగింది. రెండు గంటల దూరం వెళ్ళాక ఇంజను మీంచి ఆవిరి లేచింది. ఆపి చూసేసరికే పిస్టన్ పట్టేసింది. నలుగురు మనుషులు, ఎండలో, గాలి ఎటు తోస్తే అటు మధ్యాహ్నందాకా కొట్టుకుపోయారు. వేరే పడవవాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. మనుషులకేం కాలేదు. కళాసీలు మాత్రం సోమవారం వేరే పడవ ఎక్కేశారు.

మంగళవారం తమ్ముడు హౌసింగ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. చూడగానే తెలిసిపోయింది. రెండో అతుకు పక్కన జానెడు పొడవున వెంట్రుక లాంటి పగులు. అది చేసింది ఉప్పు కాదు, సముద్రం కాదు. తడి గోనె. పని తెలిసిన ఎవడైనా ఒక్క చూపులో చెబుతాడు. అతనికి పని తెలియదు. నేను హౌసింగ్‌ని చేతిలోకి తీసుకుని, ఆ పగులు నా వైపుకి తిప్పుకున్నాను.

"మీ తప్పేం లేదండి" అన్నాడు అతనే. నేనింకా నోరు తెరవలేదు. "ఆ రోజు మా అక్క ఎదురొచ్చింది కదండీ. నాకప్పుడే మనసులో అనిపించింది. పంతుల్ని అడిగితే కూడా అదే అన్నాడు. ఇక మీదట పడవ దగ్గరికి రావద్దని చెప్పేశానండి. పాపం, ఏడ్చింది. ఏం చేస్తాం."

ముహూర్తాల మీద, శకునాల మీద, పంతుళ్ళ మీద నేను విసిరిన ఎటకారాలన్నీ రాస్తే పెద్ద పుస్తకమవుతుంది. శనివారాన్ని వెక్కిరించినవాణ్ణి, వర్జ్యాన్ని వెక్కిరించినవాణ్ణి, ఆ రోజు ఏమన్నానో తెలుసా? "అయ్యుండొచ్చండి" అన్నాను. బెంచీ మీదున్న ఒకాయన "ఎదురు మాత్రం మహా చెడ్డదండి" అని తలూపాడు. నేనూ ఊపాను. సిగ్గుమాలిన పని. అది పని రాకపోవడం కంటే సిగ్గుమాలినదని అప్పుడే తెలుసు నాకు.

హౌసింగ్ మళ్ళీ అతికి ఇచ్చాను. ఈసారి రెండు రోజులు ఊకలోంచి కదల్చలేదు, పరీక్షా చేశాను. డబ్బు తీసుకోలేదు. దాంతో నాకు మంచివాడన్న పేరు కూడా వచ్చింది. పిస్టన్ వేరేచోట బాగు చేయించుకుని, దొరికిన మనుషుల్ని పెట్టుకుని, నెల పోయాక పడవ మళ్ళీ దిగింది. ఇప్పటికీ ఆ హౌసింగ్ చెక్కుచెదరలేదట. అంటే శకునం కుదిరిందని వాళ్ళ ఊళ్ళో రుజువైపోయింది.

ఆ తర్వాత కార్తీకంలో ఇంకో పడవ పని మీద ఆ ఊరు వెళ్ళాను. వీధిలో ఆవిడే కనిపించింది. నన్ను చూసి గంప దించి, మంచినీళ్ళిచ్చింది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, నెమ్మదిగా అడిగింది. "మేస్త్రిగారూ, మీకు పని తెలుసు కదండీ. నిజం చెప్పండి. నేనెదురు రావడం వల్లే అయ్యిందాండి అది?"

నన్ను నిలదీస్తుందనుకున్నాను. గంపలో పెట్టి ఇమ్మన్నాను కదా, వినకపోతిరి కదా అంటుందనుకున్నాను. ఆవిడ అలా అడగలేదు. తన వల్లే అయ్యిందేమోనని నిజంగా భయపడుతూ అడిగింది. నాలుగు నెలలుగా ఆ భయంతోనే ఉంది.

"కాదమ్మా. వేడి మీద తీసి నీళ్ళు పోశాను. అందుకే పగిలింది. మీరు చెప్పినట్టు వింటే పగిలేది కాదు. తప్పు నాది" అన్నాను. నా జీవితంలో అంత సూటిగా మాట్లాడింది తక్కువ.

ఆవిడ మొహం చూడాలి అప్పుడు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ ఒక్క మాట మా తమ్ముడికి చెప్తారాండి? నేను చెప్తే నమ్మడు. మీరంటే వాడికి గురి" అంది. తమ్ముడు అప్పుడు వేటలో ఉన్నాడు. "తప్పకుండా చెప్తానమ్మా" అన్నాను. మాటిచ్చాను.

ఆ తర్వాత తమ్ముడు నా షాపుకి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ పక్కన నలుగురున్నారు. మూడుసార్లూ నన్ను నమ్మకంగా చూసి, మేస్త్రిగారి చెయ్యి మంచిదని వాళ్ళకి చెప్పాడు. నేను టీ తెప్పించాను. పడవ దిగే వేళకి ఆవిడ రోజూ ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటుందని, ఇంజను చప్పుడు దూరమయ్యాకే గంపెత్తుకుని బయటికి వస్తుందని, మూడోసారి అతనే చెప్పాడు.